నాన్నగారి సంవత్సరీకం డబ్బు భోజనాలకా, కాలువకా? కాస్త సలహా చెప్పండి

గట్టుమీదఇల్లు

అందరికీ నమస్కారమండి. మాది అంబాజీపేటకి దగ్గర్లో ఒక ఊరు, ఉద్యోగం హైదరాబాదులో. నాన్నగారు పోయి ఈ మాఘ బహుళానికి ఏడాది అవుతుంది. సంవత్సరీకానికని నేనూ చెల్లీ కలిసి రెండు లక్షలు పక్కన పెట్టాం. అమ్మదీ బాబాయిదీ ఒకటే మాట, ఊరందరికీ భోజనాలు పెట్టాలని. నాకూ కాదనాలని లేదు గానీ ఒక సంగతి మనసులో పడి నలుగుతోంది, అది చెప్తాను.

పోయిన కార్తీకంలో మా వీధిలోనే ఇంకొకళ్లు అన్నదానం చేశారు. ఏడెనిమిది వందల మంది తిన్నారు, పప్పు, గుమ్మడికాయ పులుసు, బూరెలు, వంక పెట్టడానికేం లేదు. సాయంత్రానికి ఆ ప్లేట్లూ గ్లాసులూ నీళ్ల ప్యాకెట్లూ అన్నీ ట్రాక్టరుకెత్తి కాలువ గట్టున దిమ్మరించారు. రెండు రోజుల్లో గాలికి సగం కాలువలోకి దిగిపోయాయి. మా చేలకి నీళ్లొచ్చే తూము దగ్గర గుర్రపుడెక్క ఎప్పుడూ ఉండేదే, ఈ ప్లేట్లు వెళ్లి దానికి పట్టుకుని పెద్ద చాప పరిచినట్టు తయారైంది. దాని మీద ఎక్కడి నుంచి కొట్టుకొచ్చిందో ఒక వినాయకుడి చట్రం, మట్టీ గడ్డీ ఊడిపోయి వెదురు బద్దలు మాత్రం మిగిలి, ఓ పక్కకి ఒరిగి కూర్చుంది. తూముకి ఇవతల నీళ్లు గట్టు అంచుదాకా, అవతల పిక్కలోతు కూడా లేవు. మాది కాలువ చివరి శివారు. దాళ్వా, అదే రెండో పంట, నారుమళ్లకి ఇంజన్ పెట్టి తోడుకోవాల్సి వచ్చింది, పక్కన కాలువ పెట్టుకుని.

నాన్నగారున్నప్పుడు ఆ తూము దగ్గర పని ఆయనదే అన్నట్టుండేది. ఎవరూ చెప్పలేదు, జీతమూ లేదు. పొద్దున్నే టీ తాగి, చివర ఇనప కొక్కెం కట్టిన వెదురు గెడ భుజాన వేసుకుని వెళ్లి, డెక్క లాగి గట్టు మీద పడేసి, కాళ్లు కడుక్కుని వచ్చేవారు. ఆయన పోయాక ఆ పని ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు ఆయన పేరున పెట్టే భోజనాల ప్లేట్లు కూడా వెళ్లి అదే తూములో ఇరుక్కుంటాయంటే నాకు మింగుడు పడట్లేదండి.

ఈ మాట ఇంట్లో అంటే బాబాయి "హైదరాబాదు వెళ్లాక మావాడికి పర్యావరణం వచ్చింది" అన్నారు, అందరూ నవ్వారు. అమ్మ ఏమీ అనలేదు, అదే ఎక్కువ ఇబ్బందిగా ఉంది.

భోజనాలు మానేసి ఆ డబ్బుతో కాలువ బాగు చేయించడం కుదిరే పనేనా, ఎవరికివ్వాలి? లేకపోతే మొక్కలు నాటించడం, కోరంగి మడ అడవులకి ఇవ్వడం లాంటివి మంచివా? పన్ను మినహాయింపుకి 80జి రసీదు వస్తే సరే, రాకపోయినా పర్వాలేదు. చేసినవాళ్లు చెప్పండి, చదివినవాళ్లు కాకుండా.


కడియంకోడలు

తమ్ముడూ, మాది కడియపులంక, పుట్టింటివాళ్లకీ అత్తింటివాళ్లకీ కూడా నర్సరీలే. మొక్కలమ్ముకునే మనిషిని నేనే చెప్తున్నాను, మొక్కలు పంచకు.

మూడేళ్ల కిందట ఒకాయన వాళ్లమ్మగారి పేరున 500 మొక్కలు కొన్నారు, మా వ్యాన్లోనే పంపాం. ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి, మాకూ పంపించారు. మరుసటేడు అదే దారిన పెళ్లికి వెళ్తూ ఊరికే ఉండలేక లెక్కపెట్టాను, 22 కనపడ్డాయి, వాటిలో కొన్ని మేకలు కొరికేసి మోడులై ఉన్నాయి. మొక్క మంచిదే, మట్టీ మంచిదే. పక్కనే కాలువ ఉంది కదా నీళ్లకేం లోటని అందరూ అనుకుంటారు, ఏప్రిల్లో కాలువకి నీళ్లు ఆపేశాక ఆ నెలా నెలన్నర బిందెడు నీళ్లు ఎవరు పొయ్యాలన్నది ఎవరూ అనుకోరు. చచ్చేది అప్పుడే.

పెట్టాలనుంటే 20 పెట్టు, 10 పెట్టు. చెయ్యి పొడుగు మొక్క కాదు, పెద్ద సంచిలో పెంచిన ఆరడుగుల మొక్క తీసుకో. నేరేడు, కానుగ, వేప, బడి దగ్గరైతే బాదం, పిల్లలు ఎలాగూ కాయలు కొట్టుకుంటారు. మొక్క కన్నా చుట్టూ పెట్టే గార్డుకే ఎక్కువవుతుంది, అవనీ. రెండు వేసవులు నీళ్లు పోసే మనిషిని ముందు మాట్లాడుకో, ఆ తర్వాత నా దగ్గరికి రా. కాలువ గట్టు మీద మాత్రం అడక్కుండా నాటకు, గట్టు ఇరిగేషన్ వాళ్లది, రేపు పూడిక తియ్యడానికి మిషను దిగితే మొదట పోయేవి నీ మొక్కలే. శ్మశానంలో నాటు, నీడ లేక అక్కడ జనం పడే అవస్థ నీకూ తెలిసే ఉంటుంది.

రేటు తగ్గిస్తాను గానీ ఊరికే ఇవ్వను. ఊరికే వచ్చిన మొక్కకి నీళ్లు పోసినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.


పాతలాకులు

బాబూ, నేను కాలువల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాను. మీ నాన్నగారి గెడ సంగతి చదివి ఇది రాస్తున్నాను, లేకపోతే ఇలాంటివాటిల్లో నేను తల దూర్చను.

ముందు ఆ కాలువ ఏదో తేల్చుకోండి. చేల మధ్య బోదె అయితే ఆయకట్టు రైతులే చేసుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. అది బ్రాంచి కాలువో, దాని పిల్ల కాలువో అయితే మీ ఇష్టం వచ్చినట్టు పొక్లెయిన్ దించడానికి లేదు, సెక్షన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారికి ఒక కాగితం పెట్టాలి, మీ నీటి సంఘం ద్వారా పెడితే తొందరగా కదుల్తుంది. 1997 చట్టంతో వచ్చిన సంఘాలు అవి, కొన్నిచోట్ల పేరుకే ఉన్నాయి, కొన్నిచోట్ల నిజంగా పని చేస్తాయి. మీ ఊళ్లో ఏ రకమో కనుక్కోండి.

రెండోది, మిషనుకి డబ్బు పెట్టొద్దు. ఇది నా అనుభవం. నీళ్లున్నప్పుడు మిషను పెట్టి డెక్క తీయిస్తే చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, పూటలో అర కిలోమీటరు తేటపడుతుంది. తీసిందంతా ఎక్కడ వేస్తారు? గట్టు మీద. మొదటి వానకి సగం జారి మళ్లీ నీళ్లలోనే. పైనుంచి ఎలాగూ కొత్తది కొట్టుకొస్తుంది. నాలుగు మొక్కలు మిగిలితే చాలు, పిలకలు వేసుకుంటూ నెల తిరిగేసరికి మళ్లీ కప్పేస్తుంది, పైగా దాని గింజలు అడుగు బురదలో ఏళ్ల తరబడి చావకుండా పడుంటాయి. అందుకని దాన్ని ఒక్కసారి గెలవడమంటూ లేదు, రోజూ కొంచెం కొంచెం లాగడమే. మీ నాన్నగారు చేసింది అదే.

పూర్వం ఈ పనికి లస్కర్లు ఉండేవాళ్లు. ఒక్కొక్కరికి ఇంత దూరమని అప్పగించేవాళ్లు, తూము తలుపులు ఎత్తడం దించడం, గండి పడకుండా గట్టు చూడడం, డెక్క లాగడం, పశువుల్ని గట్టెక్కనివ్వకపోవడం. నేను చేరినప్పుడు మా సెక్షన్లో 11 మంది, నేను దిగేటప్పటికి ముగ్గురు. రిటైరైనవాళ్ల చోట కొత్తవాళ్లు రాలేదు. మీ తూము పూడిపోవడానికి ప్లేట్లొక కారణమైతే ఇదొక కారణం. 2011లో కోనసీమ రైతులు సార్వా, అంటే మొదటి పంట, వెయ్యం అని క్రాప్ హాలిడే ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు మురుగు దిగట్లేదన్నదీ ఒక బాధే, మీకు గుర్తుండే ఉంటుంది.

కాబట్టి నా సలహా, ఒక మనిషిని పెట్టండి. ఊళ్లో గెడ పట్టగలిగినవాడు, రోజూ పొద్దున గంటన్నర. కాలువ పారే పది నెలలూ నెలకింత అని. లాగిన డెక్క అప్పటికప్పుడు గట్టు దాటించి కొబ్బరితోటలో వెయ్యాలి, ఎండితే చెట్టు పాదుకి పనికొస్తుంది, ఇది షరతు. తూము తలుపు మాత్రం ముట్టుకోకూడదు, అది లస్కరు పని, దాని మీద గొడవలైతే మీ దానం కాస్తా పోలీసు స్టేషన్లో తేలుతుంది.

పెద్ద శుభ్రం ఏదైనా ఉంటే కాలువ కట్టేసినప్పుడు చేయించండి. మే 15 కాటన్ దొర పుట్టినరోజు, ధవళేశ్వరం నుంచి ప్రతి ఊళ్లోనూ విగ్రహానికి దండలు వేస్తారు. సరిగ్గా అప్పుడే కాలువ ఎండి, ఏడాది పొడుగునా మనం అందులో పారేసిందంతా బయటపడి ఉంటుంది, దండ వేసి వెనక్కి తిరిగితే అదే కనపడుతుంది. ఆనకట్ట 1852 నాటికే పూర్తి చేసి పెట్టి పోయాడాయన, కానీ ఇన్నేళ్లూ ఈ కాలువలు నిలబడింది ప్రతి వేసవీ నీళ్లు ఆపి మరమ్మతు చేసుకోవడం వల్లే. ఆ సంగతి దండలేసేవాళ్లు ఎక్కువగా మాట్లాడరు.


ఉప్పునీరు

ప్లేట్ల గోల పక్కన పెట్టండి సార్. మా వైపు పంట చేల మధ్యలో రొయ్యల చెరువులు తవ్వేసి ఆ నీళ్లు మురుగు కాలువలోకి వదుల్తుంటే తాగే బోరు ఉప్పగా మారింది. దాన్నెవరూ అడగరు, అన్నం పెట్టేవాణ్ణి మాత్రం అడుగుతారు.


వెనామీరైతు

మళ్లీ మొదలెట్టారా. వరి వేసి నష్టపోయినప్పుడు మీరెవరూ రాలేదు. చెరువులన్నీ ఒకేలా ఉండవు, అనుమతి తీసుకుని తవ్విన చెరువు వేరు, రాత్రికి రాత్రి తవ్వింది వేరు. అయినా ఈయన అడిగిందేమిటి, మీరు చెప్తున్నదేమిటి.


ఉప్పునీరు

అనుమతి కాగితం చూపిస్తే బోరు నీళ్లు మళ్లీ తియ్యగా మారతాయా అండి.


కడియంకోడలు

మీరిద్దరూ విడిగా ఇంకో చోట తేల్చుకోండి నాయనా, ఆ అబ్బాయి తండ్రి సంవత్సరీకం గురించి అడుగుతున్నాడు.


వైనతేయఅవతల

మాస్టారూ, మాది లంకల గన్నవరానికి దగ్గరే, కాబట్టి అన్నదానాన్ని మీరు ముద్దాయిని చేస్తుంటే ఊరుకోలేను. ఇది మా ఊరి పరువు సంగతి.

డొక్కా సీతమ్మగారి కథ మీకు తెలియంది కాదు. 1841లో పుట్టి 1909లో పోయిన మనిషి, ఈనాటికీ గన్నవరం అక్విడక్టు (నది మీద కాలువ వంతెన) మీదుగా వెళ్తే ఆవిడ పేరే, 2024 నుంచి బడిలో మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే. గోదావరి పాయలు దాటి వచ్చేవాళ్లు వేళ కాని వేళ తలుపు తడితే లేచి వండి పెట్టిందావిడ. చదువూ లేదు, పదవీ లేదు, పెట్టే చెయ్యి ఒకటే. ఇప్పుడు ఒక్కటే గమనించండి, ఆవిడ పెట్టింది ఆకులో. తిన్నాక ఆ ఆకు ఏ పశువో తినేది, లేదంటే పెంటకుప్ప మీదికి పోయేది, ఏడాదికి ఎరువై చేలోకి వచ్చేది. మీ కాలువని పూడ్చింది అన్నం కాదు, ప్లేటు. మీ అమ్మగారిని బాధపెట్టి అన్నం మానేసి ప్లేటు మీద కోపం తీర్చుకుంటే ఎలా?

మా ఊళ్లో ఏం చేశామో చెప్తాను, ఇది మాత్రం చేసిందే. తెలంగాణలో సిద్దిపేట వైపు ఊళ్లలో స్టీల్ బ్యాంకులని పెట్టారు, మా బావమరిది అక్కడ టీచరు, ఆయన చెప్తే తెలిసింది. మా అమ్మ పోయినప్పుడు దినవారాల ఖర్చు కొంత తగ్గించుకుని 400 కంచాలు, 400 గ్లాసులు, వడ్డించే బకెట్లు, గరిటెలు, నీళ్లకి రెండు పెద్ద డ్రమ్ములు కొన్నాం. కంచం 110, గ్లాసు 35 పడ్డాయి, టోకున. ఒక డ్వాక్రా గ్రూపుకి అప్పజెప్పాం. ఊళ్లో ఎవరింట్లో ఫంక్షనైనా కంచానికి 2 రూపాయలు అద్దె, తోమడానికి విడిగా ఇవ్వాలి. తోమే డబ్బు దగ్గర బేరాలాడినవాళ్లకి తర్వాత ఇవ్వం అని గ్రూపు లీడరు మొదట్లోనే చెప్పేసింది, ఆవిడ నోటికి ఊరంతా భయమే, అది బాగా కలిసొచ్చింది.

మొదటి ఏడాది 31 గ్లాసులు పోయాయి. కంచాలు ఒక్కటీ పోలేదు, ఎందుకంటే ప్రతి కంచం అంచు మీదా మా అమ్మ పేరు కొట్టించాం, పేరున్న కంచం ఇంట్లో దాచుకోవడానికి ఎవరికైనా మొహమాటమే కదా. గ్లాసుల మీద కూడా కొట్టిద్దామంటే కొట్టేవాడు అడిగిన డబ్బుకి మేమే వెనక్కి తగ్గాం, తప్పు చేశాం.

మీకు రెండు ఇబ్బందులొస్తాయి. ఒకటి, ఇప్పుడు అందరూ బఫే అంటున్నారు, నిలబడి అరిటాకులో తినలేరు. బంతి వేస్తే ఆకు, బఫే అయితే కంచం, అలా తేల్చుకోండి. రెండోది, షాపువాడు కాగితం ప్లేట్లండి, ప్లాస్టిక్ కాదండి అంటాడు. గోరుతో లోపల గీకి చూడండి, పల్చటి పొర లేస్తుంది. ప్లాస్టిక్ ప్లేట్లూ గ్లాసులూ చెంచాలూ 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధమే, అయినా మన సంతలో ఏ కొట్లో అడిగినా ఇస్తారు. నీళ్లకి ప్యాకెట్లు వద్దు, 20 లీటర్ల టిన్నులు తెప్పించి డ్రమ్ములో పోయించండి.


తాళ్లరేవుచిన్నోడు

మడ అడవుల గురించి అడిగారు కాబట్టి. మాది కోరంగి పక్కనే. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకి నాకు తొమ్మిదేళ్లు, ఇంటి దూలానికి తాడు కట్టుకుని కూర్చున్నాం. మా ఊరికీ సముద్రానికీ మధ్య మడ ఉంది, నీళ్లు వచ్చాయి గానీ గోడలా రాలేదు, పాకుతూ వచ్చాయి. మడ లేనివైపు పోయినవాళ్లు పోయారు. అందుకని దానికి ఇస్తానంటే నాకన్నా సంతోషించేవాడు ఉండడు.

కానీ ఆగండి. కోరంగి 1978 నుంచి అభయారణ్యం, 235 చదరపు కిలోమీటర్ల పైనే, అందులోకి మనం వెళ్లి మొక్కలు నాటేస్తామంటే కుదరదు, అటవీ శాఖ అనుమతి ఉండాలి. రెండోది ఇంకా ముఖ్యం. మడ చచ్చిపోయిన చోట చాలాసార్లు లోటు మొక్కలది కాదు, నీళ్లది. పోటు నీళ్లు వచ్చి పాటుకి వెనక్కి పోవాలి. ఎక్కడైనా మేట వేసి ఆ రాకపోకలు ఆగితే నీళ్లు నిలిచి, ఎండకి ఇగిరి, నేల మీద ఉప్పు పేరుకుని చెట్టు మాడిపోతుంది. అక్కడ వెయ్యి మొక్కలు నాటినా వెయ్యీ చస్తాయి. 90లలో మా వైపు ఎం.ఎస్.స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్లూ అటవీ శాఖా కలిసి చేసినప్పుడు ముందు కాలువలు తవ్వారు, మధ్యలో పెద్దది, అటూ ఇటూ ఏటవాలుగా చిన్నవి, పైనుంచి చూస్తే చేప ముల్లులా ఉంటుంది. పోటు నీళ్లు తిరగడం మొదలయ్యాక తెల్లమడ దానంతటదే మొలిచింది కూడా కొన్నిచోట్ల. ఊళ్లల్లో వన సంరక్షణ సమితులు పెట్టి మావాళ్ల చేతే చేయించారు, మా నాన్న తవ్వకానికి వెళ్లేవాడు, తిల్ల చెట్టు పాలు కంట్లో పడి రెండ్రోజులు కళ్లు తెరవలేదు.

ఇప్పుడు ఇంటర్నెట్లో మొక్కకి ఇంతని తీసుకుని మీ పేరున సర్టిఫికెట్ పంపేవాళ్లు చాలామంది ఉన్నారు. అందరూ మోసం అనను. డబ్బు కట్టేముందు ఎక్కడ నాటుతున్నారు, అక్కడ పోటు నీళ్లు వస్తున్నాయా, మూడేళ్లు ఎవరు చూస్తారు అని అడగండి. చెప్పలేకపోతే వదిలెయ్యండి. నిజం చెప్పాలంటే మీ రెండు లక్షలకి మీ తూమే మేలు, మీ నాన్నగారు నిలబడ్డ చోటు కదా.


లెక్కలరాజు

80జి గురించి ఎవరూ చెప్పలేదు. మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే దాని వల్ల మీకేం ఒరగదు, ఆ మినహాయింపు పాతదాంట్లోనే. పాతదాంట్లో ఉన్నా 2 వేలు దాటి క్యాషుగా ఇచ్చింది లెక్కలోకి రాదు, బ్యాంకు ద్వారానే ఇవ్వాలి, సంస్థ దగ్గర విరాళం సర్టిఫికెట్ తీసుకోవాలి. భోజనాలకి, మనిషి జీతానికి, కంచాలకి ఏదీ రాదు. దాని గురించి ఆలోచించడం మానెయ్యండి.


పంచాయతీమెట్లు

నేను ఒక పంచాయతీలో పనిచేస్తాను, ఏ ఊరో అడక్కండి.

చాలా పంచాయతీలకి చెత్త నుంచి సంపద తయారీ కేంద్రమని షెడ్డు కట్టారు, మీ ఊళ్లోనూ ఉండే ఉంటుంది, గోడల మీద రంగురంగుల బొమ్మలతో, బహుశా తాళం వేసి. అందులో తొట్లు ఉంటాయి. అరిటాకులు, కూరగాయల తుక్కు, మిగిలిన అన్నం దాంట్లోకి పంపొచ్చు, ప్లేట్లూ ప్యాకెట్లూ కలిపి తెస్తే మావాళ్లు ఏరలేరు, ఏరే మనుషులు ఇద్దరే. అన్నదానం చేసేవాళ్లు వంటవాడితో, టెంటువాడితో, మైకువాడితో వారం ముందు మాట్లాడతారు, చెత్త ఎత్తే మనిషితో ఎవరూ మాట్లాడరు. ట్రాక్టరు డ్రైవరుకి రెండొందలిచ్చి ఎక్కడైనా పారేసి రమ్మంటారు. అతనికి దగ్గర్లో కనపడేది కాలువ గట్టే.

మీరు ముందురోజే పంచాయతీకి చెప్పి, తడి చెత్తకి రెండు డ్రమ్ములు విడిగా పెట్టించి, ఎత్తేవాళ్లని కూర్చోబెట్టి అందరితో పాటు భోజనం పెట్టి, పైన ఏదో చేతిలో పెట్టండి. మేం చివర్లో గిన్నె పట్టుకుని నిలబడి మిగిలింది తెచ్చుకోవడం అలవాటైపోయింది, అందుకని చెప్తున్నాను.


గట్టుమీదఇల్లు

ఇన్ని విషయాలు వస్తాయని అనుకోలేదండి. ఆలస్యంగా రాస్తున్నాను, సంక్రాంతికి ఊరెళ్లి మాట్లాడి వచ్చాను.

బాబాయికి ఇవన్నీ చదివి వినిపించాను. సీతమ్మగారి దగ్గర కాస్త మెత్తబడ్డారు గానీ "కంచాలు తోమేవాళ్లు దొరకరు, నువ్వు హైదరాబాదు వెళ్లిపోతావు, మాట పడేది నేను" అన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు. పాతలాకులు గారు చెప్పిన మనిషి గురించి ఎత్తితే మాత్రం అమ్మ మొదటిసారి మాట్లాడింది. "మీ నాన్న గెడ సావిట్లోనే ఉంది, ఎవరికీ ఇవ్వలేదు, కొక్కెం ఊడింది, బిగించాలి" అని. అంతే, లేచి వెళ్లిపోయింది. చెల్లీ నేనూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నాం.

ఆఖరికి లెక్క ఇలా వచ్చింది. 600 మందికి భోజనాలు 72 వేలు. 400 కంచాలూ గ్లాసులూ, వైనతేయఅవతల గారు చెప్పిన రేట్లకే అంబాజీపేటలో దొరికాయి, 58 వేలు. గ్లాసుల మీద కూడా పేరు కొట్టిస్తున్నాం, అది నా జేబులోంచి. మనిషికి నెలకి 3 వేల చొప్పున పది నెలలు, రెండేళ్లకి 60 వేలు, విడిగా అమ్మ పేరున అకౌంట్లో వేశాం, నెల నెలా అమ్మే ఇస్తుంది. ఒప్పుకున్నది మా పాత పాలేరు కొడుకు, చిన్నప్పుడు నాన్నగారి వెనకే గెడ మోసుకుంటూ తిరిగేవాడు. మిగిలిన 10 వేలకి శ్మశానంలో నేరేడు, కానుగ, కడియం అక్కగారూ, గార్డులకి కూడా అందులోనే సర్దాలి, ఎన్ని వస్తే అన్ని. నీళ్లు పోసేది కాటికాపరి, మాట్లాడాను, మాట్లాడాకే మీకు చెప్తున్నాను.

ఏఈ గారి దగ్గరికి సంఘం తరఫున కాగితం వెళ్లింది, ఇంకా ఏమీ తేలలేదు. కంచాలు ఎక్కడ పెట్టాలన్నదీ తేలలేదు, గుడి వంటశాల అంటే ఒక వీధివాళ్లు మేం అక్కడికి రాం అన్నారు, బడి అంటే హెడ్మాస్టరుగారు దొంగతనం భయం అన్నారు. ప్రస్తుతానికి మా సావిట్లోనే. తర్వాత రెండేళ్లు దాటాక గెడ పట్టే మనిషికి డబ్బెక్కడిదని బాబాయి అడిగారు, దానికీ నా దగ్గర జవాబు లేదు, శివారు రైతులు ఎకరానికింత వేసుకుంటారేమో చూడాలి.

ఒక్క సాయం కావాలి. భోక్తలకీ మొదటి బంతికీ ఆకులే వెయ్యాలని అమ్మ పట్టు. 200 అరిటాకులు కావాలి, వచ్చే శుక్రవారానికి. రావులపాలెం మార్కెట్లో దొరుకుతాయా?


వైనతేయఅవతల

మార్కెట్లో మీకు గెలలు దొరుకుతాయి గానీ ఇన్ని ఆకులు ఒక్కసారి దొరకడం కష్టం. తోటకే వెళ్లండి, గెల కొట్టేసిన చెట్ల ఆకులైతే రైతు పెద్దగా డబ్బడగడు. తోట అంచున ఉన్న చెట్లవి వద్దు, గాలికి చీలిపోయి ఉంటాయి, లోపలివి కోయించండి. గురువారం సాయంత్రం కోయించి తడి గోనె కప్పి నీడన పెట్టుకుంటే పొద్దుటికి వాడవు. 200 అంటే 230 చెప్పండి, దారిలో కొన్ని చిరుగుతాయి.


పాతలాకులు

కొక్కెం బిగించేటప్పుడు మేకులు కొట్టించకండి, వెదురు చీలుతుంది. ఇనప తీగ చుట్టించండి.